బక్కమ్మ కేక

భర్త వెంకటరాజం దినాలు అయిపోయి నెల దాటింది. అయినా లక్ష్మీనర్సమ్మ మగ్గం గుంటలోకి దిగలేదు. సగం నేసిన చీర మగ్గం మీదే ఉంది. పొద్దున లేచి దాని మీద కప్పిన గుడ్డ దులుపుతుంది, వాకిట్లోకి వచ్చి అటూ ఇటూ చూస్తుంది, మళ్ళీ లోపలికి పోతుంది.

అట్లా మగ్గం ఆపడం ఆమె అత్త పెట్టిన కట్టుబాటు. చావు జరిగిన ఇంట్లో మగ్గం దానంతటది మొదలుకాకూడదు. ఏదైనా అమ్ముకునే మనిషి వాకిట్లోకి వచ్చి కేక వెయ్యాలి. ఇంటి ఆడది బయటికి వచ్చి ఏదో ఒకటి తీసుకోవాలి. అప్పుడు ఊరు ఆ ఇంటిని మళ్ళీ తనలో కలుపుకున్నట్టు. ఆ తర్వాతే మగ్గంలో నాడె కదలాలి. మామ పోయినప్పుడు గాజులామె వచ్చింది. సంగతి తెలిసి ఆమె నాలుక కరుచుకుంటే, అత్తే ఆపి కోడలి చేతులకు నిండుగా వేయించింది. అత్త పోయినప్పుడు ఉప్పు బండి వచ్చింది. దినాలు ముగిసిన తెల్లారే వచ్చింది.

ఈసారి ఎవరూ రాలేదు.

"ఎవ్వలు వస్తలేరేందే?" అని కోడలు వసంతలక్ష్మిని అడిగింది.

"ఇప్పుడెవరొస్తరత్తమ్మా," అంటూ ఆమె అంగన్‌వాడీకి పోయే తొందరలో స్కూటీ ఎక్కింది.

ఇప్పుడంటే ఇంట్లో మైల ఉన్నప్పుడు అనుకుంది లక్ష్మీనర్సమ్మ. నెల దాటినా మైలేనా? చిట్యాల వాళ్ళు ఇంత పట్టింపు ఎప్పటినుంచి నేర్చారు? కుండలు అమ్మేవాళ్ళు, తట్టలు అల్లేవాళ్ళు, పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమె, అందరూ కూడబలుక్కుని తమ వాడకట్టును వదిలేశారా?

ఒకరోజు పాట వినిపించింది. చెంబు కింద పెట్టి ఉరికింది. తీరా చూస్తే మున్సిపాలిటీ చెత్తబండి. "తడి చెత్త, పొడి చెత్త వేరేనా అవ్వా?" అని అడిగాడు బండాయన. ఆ బండి తీసుకుపోయేదే కానీ ఇచ్చేది కాదు. ఇంకోరోజు ఎల్లిపాయల ఆటో మైకులో అరుచుకుంటూ పోయింది. ఈమె సందు చివరికి చేరేసరికి అది హైవే ఎక్కింది. అయినా మైకులో గొంతు డ్రైవరుది కాదు. పెదవులు మూసుకుని ఉన్న మనిషి కేక వేసినట్టా, వేయనట్టా? ఆమెకు తేలలేదు.

తర్వాత హెల్మెట్ పెట్టుకున్న ఒకాయన డబ్బాతో వాకిట్లోకే వచ్చాడు.

"ప్రమోద్ ఇల్లు ఇదేనా పెద్దమ్మా?"

"ఇదే. నా కొడుకే. ఏమమ్ముతున్నవ్ నాయినా?"

"అమ్ముడేం లేదు. కొన్నదే తెచ్చిన."

"ఎవలు కొన్నరు?"

"మీ కొడుకే."

"నువ్వు ఇప్పుడే గద వచ్చింది! ఎప్పుడు కొన్నడు?"

ఆయన నవ్వి డబ్బా గడప మీద పెట్టాడు. "బిడ్డా, జర ఒక్కసారి గట్టిగ కేకెయ్యి. ఏదో ఒకటి అని కేకెయ్యి, నీ పుణ్యముంటది," అని ఆమె బతిమాలింది. ఆయన ఆమెను ఎగాదిగా చూసి, డబ్బాకు ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు.

ఎవరు రాకపోయినా బక్కమ్మ రావాలి కదా! అదే ఆమెకు అంతుబట్టనిది. బక్కమ్మ రోడ్డుకు అవతలి ఊరి నుంచి పెరుగు తెచ్చే మనిషి. లక్ష్మీనర్సమ్మ వెనక అర్రలో పొద్దున్నే మగ్గం మీద కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవదు. నడుము పట్టేసి మగ్గం మానేసినప్పటి నుంచి వెంకటరాజం ముందు అరుగు మీద నూలు కండెలు చుడుతూ ఉండేవాడు. వచ్చేవాళ్ళనూ పోయేవాళ్ళనూ చూసుకునేది ఆయనే. "బక్కమ్మొచ్చిందీ!" అని అరిచి పెరుగు ముంత వంటింట్లో పెట్టేవాడు. అన్నం తినేటప్పుడు ఆమె ఇంటి ముచ్చట్లు చెప్పేవాడు. బక్కమ్మ అల్లుడు తాగొస్తున్నాడట. బక్కమ్మకు మనవరాలు పుట్టిందట. ఆ అల్లుడికి లక్ష్మీనర్సమ్మ నాలుగు తిట్లు పంపింది. మనవరాలికి ఎర్ర అంచు ఉయ్యాల గుడ్డ నేసి పంపింది. అట్లాంటి బక్కమ్మ చావుకు కూడా రాలేదు.

"గంత కాని పని మనమేం చేసినం?" అని కోడలి ముందు కండ్లనీళ్ళు పెట్టుకుంది.

వసంతలక్ష్మి తాళంచెవి అందుకుంది. "పా అత్తమ్మా, నువ్వే అడుగుదువు గాని," అని స్కూటీ తీసింది.

రోడ్డు అవతలి ఊళ్ళో బక్కమ్మ తన ఇంటి గోడ నీడకు కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"ఎవలు? నర్సమ్మక్కనా? ఎన్నేండ్లాయెనక్కా నిన్ను చూడక!"

"నన్ను చూడకుంటే మానె. దినాం మా వాకిట్లకు వచ్చెటిదానివి, ఆయన పోతే రావైతివి."

బక్కమ్మ చేతిలో చింతపండు అట్లనే ఉండిపోయింది. "ఎవలు పోయిండ్రు? రాజమన్ననా?"

ఆమెకు సంగతే తెలియదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తేరుకున్నాక అంది: "దినాం ఏడొచ్చినక్కా? రోడ్డు పెద్దగ చేసినంక లారీ గుద్ది నా బర్రె సచ్చె. గప్పుడే నా గంప అటకెక్కింది."

"మరి పెరుగు?"

"ఏ పెరుగు?"

"నీ మనవరాలు నడుస్తుందా?"

"నాకు మనవరాలేడిదక్కా! ఇద్దరు మనవండ్లు. మీసాలు గూడ వచ్చినయి."

లక్ష్మీనర్సమ్మ కోడలి వైపు తిరిగింది.

"మామయ్య చెప్పొద్దన్నడత్తమ్మా," అంది వసంతలక్ష్మి, తాళంచెవి తిప్పుకుంటూ. "ఒక్కనాడు పాకిట్ పెరుగు పెడితే నువ్వు ముట్టకుండ లేచినవట. గప్పటి సంది మన మలుపుకాడి కోమల దుకాణంల పాకిట్ పెరుగే తెచ్చి ముంతల పోస్తుండె. మనవరాలు కోమలకే. తాగొచ్చెటోడు గూడ కోమల అల్లుడే. ఉయ్యాల గుడ్డ ఆళ్ళింట్లనే ఉన్నది."

లక్ష్మీనర్సమ్మకు ముందు కోపం రావాలో, ఏడుపు రావాలో తెలియలేదు. వాడకట్టంతా వినేటట్టు ఎన్నిసార్లు అనలేదు తను, బక్కమ్మ పెరుగు ముందర పాకిట్ పెరుగు సున్నపు నీళ్ళని! అప్పుడు నోట్లో ఉన్నది ఏ పెరుగు? వాడకట్టుకు ఎవరూ రాకుండా పోయింది ఆయన పోయినప్పటి నుంచా, అంతకు ముందు నుంచేనా? ఉప్పు బండి ఎప్పుడు ఆగింది? ఈ ఏండ్లన్నీ అరుగు మీద ఆయన ఒక్కడే కూర్చుని, లేని మనుషులందరినీ తన గొంతుతో వచ్చిపోయేటట్టు చేశాడా? అడుగుదామంటే మనిషి లేడు.

వచ్చిన పని మాత్రం మర్చిపోలేదు. అత్త కట్టు సంగతి చెప్పింది.

"నా గొంతు ఎప్పుడో పోయిందక్కా," అంది బక్కమ్మ. రమ్మంటే వస్తానని అనలేదు, రానని అనలేదు.

మరునాడు పొద్దెక్కాక ఆటో ఒకటి మలుపులో ఆగింది. బక్కమ్మ దిగి, అక్కడ గంప నెత్తికెత్తుకుంది. గోడ పట్టుకుని మెల్లగా నడిచి వాకిట్లోకి వచ్చింది.

"పెరుగమ్మో పెరుగు!"

గొంతు జీరబోయింది కానీ కేక కేకే. ఎదురింటి తలుపు తెరుచుకుంది. లక్ష్మీనర్సమ్మ ముంత పట్టుకుని వచ్చి గంప దించింది.

"ఏడిదే పెరుగు?"

"మా ఇంటిదే."

"బర్రె సచ్చె గద."

"మల్ల లేచింది."

లక్ష్మీనర్సమ్మకు ఇన్నాళ్ళకు నవ్వొచ్చింది. పాత రోజుల్లో లాగే సోలెడు బియ్యం తెచ్చి బక్కమ్మ కొంగులో పోసింది. వేలితో పెరుగు తీసి నాలుక మీద పెట్టుకుంది. అదే రుచి. ఇంతకాలం తింటున్న కోమల దుకాణం రుచే. మరి బక్కమ్మ సొంత బర్రె పెరుగు ఎట్లా ఉండేది? ఎంత తలుచుకున్నా నాలుకకు అందలేదు.

ఇది అత్త చెప్పిన కేక కిందికి వస్తుందా? పెరుగు ఈమెది కాదు, బేరం ఈమెది కాదు, తెప్పించుకున్నది తనే. అత్త ఉంటే ఒప్పుకునేదో లేదో. కానీ వచ్చింది మాత్రం మనిషి. రోడ్డు దాటి వచ్చింది.

లోపలికి పోయి కప్పిన గుడ్డ తీసింది. గుంటలోకి దిగింది. కాలు తొక్కింది. నాడె ఒకసారి పోయి వచ్చింది. అలవాటు కొద్దీ ఆగి, అరుగు వైపు చెవి పెట్టింది.

అరుగు మీద వెంకటరాజం కూర్చునే చోట బక్కమ్మ కూలబడింది. లోపల మగ్గం ఎందుకు ఆగిందో ఆమెకు తెలియలేదు.

"నర్సమ్మక్కా! బక్కమ్మ కూసున్నదే ఈడ! నెయ్యి నెయ్యి. మీ కోమలకు చెప్పి రేపు గూడ..."

లక్ష్మీనర్సమ్మ కాలు మళ్ళీ తొక్కింది. ఆ చప్పుడులో తర్వాతి మాట వినపడలేదు.