పిడులు వేయని బుట్ట

మాబున్ని వైరు బుట్ట అల్లడానికి కూర్చుంటే అరుగంతా ఎర్రటి, పచ్చటి తోకలే. వైరు కొసను కాలి బొటనవేలికి చుట్టి, ముడిని పళ్లతో బిగిస్తుంది. పిడులు వేశాక రుబ్బే పొత్రాన్ని బుట్టలో పెట్టుకుని వాకిట్లో ఒక చుట్టు తిరుగుతుంది. పిడి తెగకపోతేనే బుట్ట ఇస్తుంది. పక్కింటి ఓబుళమ్మ బుట్ట మాత్రం పిడులు లేకుండా గూట్లోనే ఉండిపోయింది. వాన పడితే ఓబుళమ్మ వేరుశనగ విత్తుతుంది, పడకపోతే మొగుడితో బెంగళూరుకు కూలికి పోతుంది. బట్టలు సర్దుకోవడానికే ఆ బుట్ట అడిగింది.

"ఏమక్కా, నువ్వు పిడులేసేలోపల నాకు మనవళ్లు పుట్టేట్టుండారే!"

"వాన రానీ మే. అప్పుడు నీకు బుట్టతో పనే ఉండదు."

ఆ సాయంత్రం ముదిగుబ్బ ఊరి మీద మబ్బు కమ్మింది, గాలికి చెదిరిపోయింది. మర్నాడు ఓబుళమ్మ తలుపుకు వేయడానికి తాళం కొనుక్కొచ్చింది. మాబున్ని గూట్లోంచి బుట్ట తీసి జంట వైరుతో పిడులు వేసింది. పొత్రం పెట్టుకుని వాకిట్లో ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టూ తిరిగింది.

"చాల్లేక్కా, గట్టిగానే ఉండాది," అంది ఓబుళమ్మ.

ఇన్నేళ్లలో పిడి తెగితే బాగుండునని మాబున్ని అనుకోవడం అదే మొదటిసారి. తెగలేదు.