పది వేళ్ల మాస్టరు

తిరుత్తణి టైపు మాస్టరు రత్నస్వామికి ఒకటే జబ్బు: గాజు కనబడితే పది వేళ్లూ ఆనించాలి. మిఠాయి అంగడి బీరువా, బస్సు కిటికీ, చివరికి డాక్టరు కళ్లజోడు కూడా ఆయన బారిన పడ్డాయి.

తెరను ఒక్క వేలితో తాకితే పనిచేసే కంప్యూటరు విదేశాల్లో వచ్చిందని పేపర్లో చదివిన నాడు పట్టుకున్న జబ్బది. అప్పట్లో, ఎనభై ఐదులో, తిరుత్తణిలో కంప్యూటరు ఒక్కటీ లేదు. దాని మీద అభిప్రాయాలు మాత్రం మాస్టరుకు బోలెడు.

"పది వేళ్లుండంగా ఒక్క వేలేంది అక్కా? ఒంటి వేలితో కొట్టేవాణ్ణి నేను టైపు క్లాసుకే రానియ్యను. రేపో మాపో పది వేళ్ల మాటా వినే గాజు వస్తాది, సూడు!"

"వచ్చేదాకా మా టీవీని వదులప్పా!" అన్నది పక్కింటి చెంగమ్మ. ఆదివారం సినిమాలో ఏడుస్తున్న హీరోయిన్ మొహం మీద రెండు చేతులూ పెట్టి, ఆయన కథను ముందుకు తోయబోతున్నాడు మరి.

తిరువళ్లూరులో అలాంటి కంప్యూటరును జనానికి చూపిస్తారని తెలియగానే మాస్టరు రైలెక్కాడు. తనకు చెప్పకుండా వీధిలో పిల్లి ఈనినా ఒప్పుకోని చెంగమ్మ కూడా ఎక్కింది.

అక్కడ దాన్ని నడిపి చూపించేది మాస్టరు దగ్గర టైపు నేర్చుకున్న కాంచన. ఆ రోజు తప్పు లేకుండా చూపిస్తేనే ఉద్యోగమని మేనేజరు జయరామ్ ముందే చెప్పాడు. తెర పక్కన పెద్ద అట్ట: ఒక్క వేలు మాత్రమే పెట్టవలెను.

కాంచన కంగారుగా చెయ్యి చాపింది. తెరకు రెండు వేళ్లు ఒకేసారి తగిలాయి. బొమ్మ చెదిరి తెర నల్లబడింది. అటు తిరిగి అతిథులతో మాట్లాడుతున్న జయరామ్ అది చూడలేదు. మరుక్షణం రత్నస్వామి ఎగిరి వచ్చి, రెండు అరచేతులూ తెరకు అంటించేశాడు.

జయరామ్ గిరుక్కున తిరిగాడు. "యోవ్! అట్ట కనబళ్లా? మిషన్‌ని చంపేసినావే! సదవను రాదా?"

"సదవను వస్తాది సార్. చేతులే చెప్పిన మాట ఇనవు."

జనం పగలబడి నవ్వారు. జయరామ్ ఆయన్ని బయటికి గెంటించి, "నువ్వేం చేస్తావులేమ్మా, మళ్లీ ఆన్ చెయ్యి," అన్నాడు కాంచనతో. ఈసారి ఆ పిల్ల ఒక్క వేలే ఆనించింది. ఉద్యోగం ఖాయమైంది.

రైలు ప్లాట్‌ఫారం మీద చెంగమ్మ మాస్టరును నిలేసింది.

"ఏమప్పా, తెర ఆరిపోయినాకనే కదా నువ్వు చేతులు పెట్టింది? నేను సూసినా."

"మెల్లగా అక్కా! నా పేరు ఎప్పుడో చెడింది. ఆ పిల్ల పేరు ఇంకా కొత్తది."

"సరే, నింద మీదేసుకోను ఒక్క వేలు చాలదా? రెండు చేతులెందుకు?"

మాస్టరు నొచ్చుకున్నాడు.

"ఒక్క వేలు పెట్టింటే, అది నేనంటే ఎవురు నమ్ముతారక్కా?"