అడగడం నేర్పిన ఖైరున్ సిస్టర్

స్టీలు గ్లాసు బల్ల అంచుకు టకటక తగిలిన చప్పుడు వింటే, ఏ పనిలో ఉన్నా అటు తిరుగుతాను. ఎవరికీ చెప్పని సంగతి ఒకటి రాస్తున్నాను. మార్కాపురంలో నర్సుగా చేరిన కొత్తల్లో, రోగులను అడగాల్సిన మాటలను బాత్‌రూంలో కొళాయి తిప్పుకుని, ఆ చప్పుడు చాటున పలికి చూసుకునేదాన్ని. చదివినదంతా డైరీలో రాసుకునేదాన్ని గానీ, మనుషుల ముందు గొంతు పెగిలేది కాదు.

మా వార్డు పెద్ద ఖైరున్ సిస్టర్‌ది కంభం. మనసు జబ్బుకు లిథియం వాడేవాళ్లు ఎవరొచ్చినా ముందు చేతికి నీళ్ల గ్లాసు ఇచ్చేవారు. "సన్నగా వణికితే ఆ మాత్రతో ఉండేదే. నీళ్లు తొణికేట్టు వణికితే మాత్రం ఊరికే కూర్చోబాకు" అనేవారు.

ఒక వేసవిలో దొనకొండ వైపు నుంచి పుల్లయ్య అనే రైతును భార్య తీసుకొచ్చింది. లిథియంతో ఏళ్లుగా నిలకడగా ఉన్న మనిషి. ఇప్పుడు భేదులు, తడబడే అడుగు, ముద్దకట్టిన మాట.

"తాగినోడి మాదిరి ఊగుతుండాడని ఊరంతా నవ్వినారమ్మా. ఎండదెబ్బే. సెలైన్ పెట్టి పంపీయండి, రాత్రి మాత్ర ఇంటికాడ వేస్తా" అంది ఆమె.

గ్లాసు ఇచ్చాను. అది బల్లకు కొట్టుకుని నీళ్లు ఒలికాయి. నాకు అర్థమైంది. సిస్టర్ వైపు చూశాను.

"నా మొహంలో ఏముంది పాపా? ఆమెను అడుగు."

"ఈమధ్య వేరే మాత్రలేమైనా వేసుకున్నాడా అమ్మా?"

"మోకాళ్లకు దుకాణంలో తెచ్చుకుంటాడు. మా ఫ్లోరైడు బోరు నీళ్లకు అందరికీ నొప్పులేగా. మనసు మాత్ర మాత్రం ఒక్క పూట మానలేదు, నేనే దగ్గరుండి వేసినాను!"

అలాంటి నొప్పి మాత్రలు చాలావరకు లిథియాన్ని ఒంట్లోంచి సరిగా పోనివ్వవు. భేదులతో నీళ్లు తగ్గి అది ఇంకా పేరుకుంటుంది. ఆ రాత్రి మాత్ర పడితే ఏమయ్యేదో! నేనే పరుగెత్తి డాక్టరు గారికి చెప్పాను. ఆయన వెంటనే రెండు మాత్రలూ ఆపించి, రక్తం తీయించి, ఒంగోలు పెద్దాసుపత్రికి పంపారు.

కోలుకున్నాక పుల్లయ్య వచ్చి నా ఎదుటే గ్లాసెడు నీళ్లు ఎత్తి తాగాడు. "చూడు సిస్టరమ్మా, చుక్క ఒలకలా!"

ఇప్పుడు కొత్తగా వచ్చే అమ్మాయిలకు నేనే గ్లాసు ఇవ్వడం నేర్పుతున్నాను. లిథియం వాడే మనిషి తూలినా, మాట ముద్దకట్టినా, మగతగా ఉన్నా ఎండదెబ్బేనని సరిపెట్టుకోవద్దని, ఇంకేం మాత్రలు వేసుకున్నారో అడగమని గట్టిగానే చెబుతాను.

రిటైరై గిద్దలూరులో కూతురి దగ్గరికి వెళ్తున్న సిస్టర్‌ను బస్సెక్కించాను. మళ్లీ చూడలేదు, ఆ ఏడే పోయారు. ఆ రోజు బస్సు కదులుతుంటే ఆమె కిటికీలోంచి నవ్వుతూ అరిచారు.

"ఇంకనన్నా కొళాయి కట్టేసి మాట్లాడు పాపా! నీళ్లు ఊరికే పోతుండాయి."