మాంసపు గుండె

నేను పదిమందిలో మాట్లాడలేను. చదవమంటే మాత్రం చదువుతాను. చదివేటప్పుడు మాటలు నావి కావు కాబట్టి భయం ఉండదు. మా పేటలో శుక్రవారం సాయంత్రాలు ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థన కూడిక జరుగుతుంది. అందులో బైబిల్ వాక్యం చదివే పని నాకు అలాగే వచ్చింది. పాస్టరు అయ్యగారు ఏ అధ్యాయం తీయమంటే అది తీసి, తల ఎత్తకుండా చదివి, చున్నీ సర్దుకుని కూర్చునేదాన్ని. నా చదువు వల్ల ఒకరి ప్రాణం మీదికి రావచ్చని అప్పటికి తోచలేదు.

మా నాన్న పిడుగురాళ్ల దగ్గర సున్నపు బట్టీలో పనిచేస్తాడు. రాయీ బొగ్గూ పొరలు పొరలుగా బట్టీలోకి ఎత్తిపోయడం ఆయన పని. ఇంటికి వచ్చేసరికి కనురెప్పల వెంట్రుకలు కూడా తెల్లగా ఉంటాయి. పోయిన ఎండాకాలం ఒకరోజు మధ్యాహ్నమే వచ్చేశాడు. మంచం మీద కూర్చుని, ఎడమ చెయ్యి వేరే ఎవరిదో అయినట్టు కుడిచేత్తో పట్టుకున్నాడు. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది.

“ఏందయ్యా, ఏమైంది?” అంది అమ్మ.

“ఏం లేదే. గ్యాసు.”

నరసరావుపేటలో డాక్టరు గ్యాసు కాదన్నాడు. గుండెకు రక్తం తీసుకుపోయే నాళం ఒకటి సన్నబడిందట. గుంటూరు వెళ్లి లోపలికి సన్నటి గొట్టం పంపి చూపించుకోవాలట. అందాకా మాత్రలు ఒక్కపూట కూడా మానకూడదు, బరువులు ఎత్తకూడదు. గుంటూరు ఆసుపత్రి వాళ్లు వచ్చే సోమవారం కాక ఆపై సోమవారం రమ్మన్నారు.

తిరుగు బస్సులో నాన్న కిటికీలోంచి చూస్తూ, “మనిషన్నాక గుండె రాయి చేసుకోవాల. ఇట్టాంటియి వస్తయ్, పోతయ్” అన్నాడు. భయపడుతున్నాడని నాకు తెలిసింది. మా వైపు భయానికైనా చావుకైనా పెద్దవాళ్లు చెప్పే మాట అదే. రాయి చేసుకున్నవాడే మగాడు, రాయి చేసుకున్నదే ఇల్లు నిలబెట్టే ఆడది.

మర్నాడు శుక్రవారం, కూడిక మా ఇంట్లోనే. అయ్యగారు నాకు చూపించిన భాగం ఒక ప్రవక్త గ్రంథంలోది. దేవుడు తన జనంలో నుంచి రాతిగుండెను తీసేసి మాంసపు గుండెను ఇస్తానంటాడు. నేనెప్పటిలాగే చదివాను. చదివి ముగించేసరికి గది మరీ నిశ్శబ్దంగా ఉందనిపించి తల ఎత్తాను. కూడికల్లో గోడకు ఆనుకుని కునికే మా నాన్న నిటారుగా కూర్చుని ఉన్నాడు. చెంపల మీద ఎంత కడిగినా పోని సున్నం చారికల్లోంచి కన్నీళ్లు దారులు చేసుకుని కారుతున్నాయి.

అందరూ వెళ్లాక నన్ను పిలిచాడు.

“ఎంత బాగా చదివావమ్మాయ్! నీ నోట్లోంచే పలికించాడు చూడు దేవుడు.”

నా ఇన్నేళ్లలో మా నాన్న నా చదువు గురించి అన్న మొదటి మంచిమాట అది. ఆ మాటను డైరీలో రాసుకుని కింద రెండు గీతలు గీశాను.

ఆదివారం బియ్యం డబ్బా మీద మాత్రల అట్ట కనిపించింది. శుక్రవారం ఎన్ని ఉన్నాయో అన్నీ ఉన్నాయి. అడిగితే నాన్న నవ్వాడు. “కొత్త గుండె ఇస్తన్నా అని ఆయన చెప్పినాక పాత గుండెకి మందులేందే? నువ్వేగా చదివింది!” సోమవారం బట్టీకి వెళ్లాడు. బరువు ఎత్తాడని సాయంత్రం ఆయన నడకే చెప్పింది. రెండు మెట్లు ఎక్కి ఆగాడు. నేను చూడటం చూసి, గుమ్మాన్ని పరీక్షిస్తున్నట్టు చేత్తో తట్టాడు.

నా దగ్గర పాత పదసూచిక ఒకటుంది, సత్తెనపల్లిలో పాత పుస్తకాల బండి మీద దొరికింది. ఏ మాట బైబిల్లో ఎక్కడెక్కడ వస్తుందో, మూలమైన హీబ్రూలో దాని అర్థమేమిటో వరసగా చూపిస్తుంది. ఆ వారమంతా గుండె, హృదయం అన్న మాటలు వెతికి రాసుకున్నాను. అక్కడ హృదయం ఆలోచిస్తుంది. పన్నాగాలు పన్నుతుంది. తనలో తాను మాట్లాడుకుంటుంది. విన్నది దాచుకుంటుంది. మనిషి ఔననేదీ కాదనేదీ అక్కడే. రాతిగుండె అంటే ధైర్యం కాదు, ఎంత చెప్పినా విననితనం. దేవుని జనాన్ని వదలనన్న ఐగుప్తు రాజు గుండె గట్టిపడింది అంటే వాడు బలవంతుడయ్యాడని కాదు, నాశనానికి సిద్ధమయ్యాడని. మేము దీవెనలా చెప్పుకునే మాట ఆ పుస్తకంలో శాపం. మెత్తబడటమే అక్కడ బాగుపడటం. రక్తనాళాల ఊసు ఎక్కడా లేదు.

ఇదంతా తెలిసీ బుధవారం చెప్పలేదు. గురువారం చెప్పలేదు. పిరికిదాన్ని కాబట్టి అనుకున్నాను. అయితే హృదయం అన్నిటికంటే మోసకరమైనదన్న చోటికి వచ్చేసరికి పెన్ను ఆగింది. రెండు గీతలు గీసిన పేజీ వెనక్కి తిప్పి చూశాను. నాన్న చెప్పుకున్న అర్థం తప్పని నేను చెబితే, నా నోట్లోంచి దేవుడు పలికాడన్న మాట కూడా తప్పవుతుంది. దాన్ని పోగొట్టుకోలేక నేను మా నాన్నను రోజూ బట్టీకి పంపిస్తున్నాను.

శనివారం అమ్మ తెల్లచొక్కా ఉతికి ఆరేసింది.

“రేపు మీ నాన్న గుళ్లో సాక్ష్యం చెప్తాడంట. స్వస్థత అయిందని.”

“మరి సోమవారం గుంటూరు?”

“సాక్ష్యం చెప్పినాక ఆసుపత్రికి పోతే ఏమన్నా ఉందా? దేవుణ్ణి నమ్మనట్టేగా. పేటంతా నవ్వుద్ది.” అమ్మ తాడు మీద చొక్కాను మళ్లీ మళ్లీ సరిచేసింది. “ఏమే, నిజంగానే తగ్గిందంటావా?”

నేను ఖాళీ బకెట్టు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను.

ఆదివారం చర్చిలో పాటలు అయ్యాక నాన్న లేచాడు. ముందు బల్లను పట్టుకుని నిలబడ్డాడు. ఫ్యాను కిందే ఉన్నా మెడ మీద చెమట కనిపిస్తోంది. “అందరికీ వందనాలు. పోయిన వారం శుక్రవారం మా అమ్మాయి వాక్యం చదివితే...” అని మొదలుపెట్టి, ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. జనం స్తోత్రం అన్నారు. కన్నీళ్లకు ఆగాడనుకున్నారు.

నేను లేచి నిలబడ్డాను. లేవాలని అనుకున్నట్టు గుర్తు లేదు.

“నాన్నా, అది ఈ గుండె కాదు.”

“కూర్చో అమ్మాయ్.”

“ఆయన మారుస్తానన్నది మాట వినని మనసుని. నీ రొమ్ములో ఉన్నదాన్ని కాదు. అంతరింద్రియాలను పరీక్షిస్తాడని కూడా ఉంది, ఆ మాటకి మూలంలో మూత్రపిండాలని అర్థం. అది చదివి మనం స్కానింగ్ మానేస్తామా?” నా గొంతు నాకే పరాయిగా, పెద్దగా వినిపించింది. “నాన్న మాత్రలు మానేసి తొమ్మిది రోజులైంది. నేను చూస్తూ ఊరుకున్నాను.”

“ఏమే, కూర్చోమంటన్నానా!” అన్నాడు నాన్న.

వెనకనుంచి ఒక పిన్ని, “చదువెక్కువై పిల్లకి అవిశ్వాసం పట్టింది” అంది. ఎవరో నవ్వారు. అయ్యగారు చేతిలో ఉన్న బైబిల్ మూశాడు. ఆయన ఏమంటే అదే జరుగుతుందని నాకు తెలుసు, నాన్నకూ తెలుసు. చివరికి దగ్గరికొచ్చి నాన్న మణికట్టు పట్టుకున్నాడు. ఆ చెయ్యి చల్లదనానికి కాబోలు, అయ్యగారి ముఖం మారింది.

“మందులు మానమని నేనెప్పుడు చెప్పాను? అమ్మాయి చెప్పిందే అర్థం. రేపు కాదు, ఇప్పుడే బయల్దేరండి.”

ఆటోలో, ఆ తర్వాత బస్సులో నాన్న నా పక్కన కూర్చోలేదు.

గుంటూరులో గొట్టం వేసి నాళం తెరిచారు. ఈ కొద్దిరోజుల్లోనే ఒక పోటు వచ్చి వెళ్లిందనీ, నొప్పి తెలిసినా తెలియకపోయినా గుండె కండలో కొంత భాగం చచ్చిపోయిందనీ, అది ఇక తిరిగిరాదనీ డాక్టరు చెప్పాడు. మాత్రలు వేసుకుని ఉంటే ఇది జరిగేది కాదా అని అడిగాను. చెప్పలేం అన్నాడు. మళ్లీ రావచ్చా అంటే దానికీ అదే జవాబు.

మూడోరోజు వార్డులో నాన్న కళ్లు తెరిచి నన్ను చూశాడు.

“అంతమందిలో నా పరువు తీశావు గదే.”

“తీశాను నాన్నా.”

“మళ్లీ తీస్తావా?”

“మాత్రలు మానేస్తే తీస్తాను.”

ఆయన నవ్వలేదు. తిట్టనూ లేదు. అరచెయ్యి చాచాడు. మాత్ర పెట్టి నీళ్ల గ్లాసు అందించాను. నోట్లో వేసుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. మింగాడో లేదో తెలియలేదు. మంచం చుట్టూ తిరిగి అవతలికి వెళ్లి, ఆయన గొంతు కదిలేదాకా చూస్తూ నిలబడ్డాను.