బారెన్ దీవి అడుగున ఒక గట్టు

"బిడ్డా, ఇది గట్టు గాదు. ఫణీల పుల్ల వంగినట్టున్నది," అంటూ రాజయ్య ల్యాప్‌టాప్ తెరపైని పటం మీద వేలు పెట్టాడు. ఆయన కూతురు లావణ్య మొహం వాడిపోయింది. సముద్రం అడుగున ఆ గట్టును కనిపెట్టింది ఆమే.

ఆ పటం చూసి పత్రికకు రాయడానికే నేను సూరత్ వచ్చాను. సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం మూడింటికి రైలెక్కాను. ఎదుటి సీటులో జగిత్యాల వైపు మనిషి, సూరత్‌లోని ఖటోదరా మిల్లుకు తిరిగి వెళ్తున్నాడు. సముద్రం అడుగు చూడబోతున్నానంటే నవ్వాడు. "సూరత్‌ల సముద్రమంటే డుమస్ బీచ్ బురదే సార్. జర చెప్పులు పైలం."

మర్నాడు తొమ్మిదిన్నరకు దిగి, షేర్ ఆటోలో రాజయ్య వాళ్లుండే కోసాడ్ కాలనీ చేరేసరికి పదిన్నర. పవర్‌లూమ్ కార్మికుడు రాజయ్య రాత్రి షిఫ్టు ముగించుకొచ్చి టీ తాగుతున్నాడు. సర్వే ఓడలో పనిచేసే లావణ్య సెలవుపై ఇంటికొచ్చింది. పటం తెరిచి చూపింది.

అండమాన్ దగ్గర పొగలు కక్కే బారెన్ దీవి, నీటిపైన కనిపించేది కొన మాత్రమే. రెండు కిలోమీటర్లకు పైగా లోతు నుంచి లేచిన కొండ మొత్తం తెరమీద నిలబడి ఉంది. లావా జారిన చాళ్లు, విరిగిపడిన చరియలు. వెలుగు ఎన్నడూ చేరని చోటది. ఓడలోని సోనార్ వదిలిన ధ్వని అడుగుకు తగిలి తిరిగి రావడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుందట. ఆ ప్రతిధ్వనులను పట్టీలుగా పక్కపక్కన పేర్చితే ఈ పటం వచ్చింది. కొండకు తూర్పున, ఇంతకుముందు ఏ పటంలోనూ లేని పొడవాటి గట్టు. సోమవారం నివేదిక పంపాలి. అది లావణ్య మొదటి ఆవిష్కరణ.

రాజయ్య వేలు పెట్టింది అప్పుడే. ఫణీ అంటే మగ్గంలో పడుగు దారాలను విడదీసే దువ్వెన. దాని పుల్ల ఒకటి వంగితే బట్ట పొడవునా ఒకే గీత పడుతుంది.

"అరే బాపూ, ఇది నీ సాడీ గాదు!"

"సాడీ అయితే సేఠ్ తిడ్తడు, గంతే. ఓడ నిలువుకు తిరిగింది, గీత గూడ నిలువుకే ఉన్నది. పడుగే కనిపిస్తున్నది, పేక ఏది? అడ్డం తిరిగినవా?"

లావణ్య పటాన్ని పెద్దది చేసి చూసింది. గట్టు సరిగ్గా రెండు పట్టీల అతుకు మీదే ఉంది; సోనార్ తప్పు గీతలు పడేదీ అక్కడే. "అడ్డం గూడ తిరగాల్సుండె బాపూ. గాలి లేసిందని ఓడను వాపస్ తెచ్చిన్రు."

"గట్టు నిజంగ ఉంటే ఏడికి వోతది? మంచిగ జూసి రాయి."

ఆమె నివేదికలో 'గట్టు' అన్న మాట కొట్టేసి, 'నిర్ధారణ కాలేదు' అని రాసింది.

సాయంత్రం తిరుగు రైలెక్కాను. కిటికీ బయట నవ్‌సారి పొలాలు పోతున్నా, కళ్లముందు ఆ నీళ్ల కింది కొండే. ఓడ మళ్లీ అటు వెళ్లేది వానాకాలం పోయాకే. ఆ గీత కింద ఉన్నది రాయో, సోనార్ పొరపాటో ఇప్పటికి ఎవరికీ తెలియదు.