పదివేళ్ళ తొకుజో

మా కమాతా సందులో మిషన్ల మీద బతికే మగవాళ్ళందరినీ వరసగా నిలబెట్టి వేళ్ళు లెక్కపెడితే, మనిషికి తొమ్మిది చొప్పున కూడా రావు. రేకులు నొక్కే ప్రెస్సు దగ్గర పనిచేసే నాకే ఒకటిన్నర తక్కువ. ఇనప కడ్డీల్ని తిప్పి చెక్కే లేతు మిషను పనివాడు కురాతా తొకుజోకు మాత్రం డెబ్బై ఒకటో ఏట కూడా పదికి పదీ ఉన్నాయి.

పనితనం అంటారా, ఆయన నునుపు చేసిన కడ్డీ మీద ఈగ వాలితే కాలు జారి నడుం విరగ్గొట్టుకునేది. అలాంటి ఈగల్ని నేను స్వయంగా మూడింటిని చూశాను. హైస్కూలు రెండో ఏడాదిలో మానేసిన నాలాంటివాడి మాట ఏం నమ్ముతాం అంటారేమో. చదువుకున్నవాళ్ళు కింద పడ్డ ఈగల వంక చూడరు, అదీ సంగతి.

ఆ పదివేళ్ళ వెనక ఒక అలవాటుంది. పదిహేనో ఏట పనిలో చేరిన మొదటి వారమే, తనకు పని నేర్పుతున్న పెద్దాయన చెయ్యి మిషన్లో పోవడం తొకుజో కళ్ళెదుటే చూశాడు. ఆనాటి నుంచీ ఏ మిషన్లో చెయ్యి పెట్టాలన్నా ముందు ఎడంచేత్తో ప్లగ్గు లాగేస్తాడు. స్విచ్చి ఆపితే చాలదు, తీగె ఊడి కనపడాలి. కుడిచేతి చూపుడువేలు దానివైపు చాచి, సందు చివరిదాకా వినపడేలా "కరెంటు తీశాను" అంటాడు. దగ్గర్లో ఎవరుంటే వాళ్ళు "సరి" అనాలి. అది చెవిన పడ్డాకే చెయ్యి లోపలికి. గోడకు అవతలే నా ప్రెస్సు. ఇరవై ఏళ్ళుగా ఆ "సరి" అనే ఉద్యోగం కూడా నాదే, జీతం లేకుండా.

ఆయన భార్య ఫుమియే పిన్ని చివరి పద్నాలుగు నెలలూ ఆసుపత్రి మంచం మీదే గడిపింది. పొద్దుపోవడానికి మిఠాయి కొట్టు హరుయే ఆమెకు చేతిలో పట్టే ఆట మిషను ఒకటి తెచ్చిచ్చింది. అడవులూ కొండలూ తిరిగి వింత జీవాల్ని పట్టుకుని పెంచే ఆట. ఆ ఆటలోని పాడుబడ్డ ఫ్యాక్టరీలో పిన్నికి గురిన్ అనే జీవం దొరికింది. ఒళ్ళంతా లేతు మిషనే. తల ఉండాల్సిన చోట కడ్డీని బిగించి పట్టుకుని గిర్రున తిరిగే చక్కు, అందులో మూడు పళ్ళు, చుట్టలు చుట్టలుగా వేలాడే ఇనప పొట్టు జుట్టు. దానికి తొకు అని మొగుడి పేరు పెట్టింది.

"ఏమండీ, ఇదీ మీలాగే పళ్ళు బిగించుకుని కూచుంటుంది, నోరు విప్పి మాట్లాడదు" అనేది.

"నేనింత లావు లేను" అనేవాడు తొకుజో. ఆయన ఆడిన సరసాల్లో నాకు తెలిసి అదే పెద్దది.

పిన్ని పోయాక ఆ మిషను ఆయన బల్లమీదికి చేరింది. ఆయనకు ఆడడం రాదు. రోజూ మధ్యాహ్నం అన్నం ముద్ద తింటూ దాన్ని తెరిచి, గురిన్ చక్కు రెండు చుట్లు తిరిగేదాకా చూసి మూసేసేవాడు. ఆరేళ్ళు అలాగే చూశాడు. మొన్న వేసవిలో ఒక రోజు, బయట ఎండ మండిపోతుంటే ఆటలో అర్ధరాత్రి అయింది. ఆటలో గడియారం తప్పింది.

రేడియోలు బాగుచేసే ఆయన చూసి చెప్పాడు. "మిషన్లో పెట్టే ఈ ఆట క్యాసెట్టు లోపల చిన్న బ్యాటరీ బిళ్ళ ఉంటుంది. జ్ఞాపకం అంతా దాని మీదే నిలబడుంది. అది అయిపోవచ్చింది. మహా అయితే ఇంకో నెల."

హరుయే దగ్గర ఒక దారి ఉంది. "నా క్యాసెట్టు కూడా తెస్తాను. రెంటికీ మధ్య తీగె కలిపి మీ గురిన్‌ను ఇవతలికి పంపేద్దాం. క్షేమంగా ఉంటుంది. కాకపోతే చెయ్యి మారితే దాని రూపం కూడా మారుతుంది. రెక్కలొస్తాయి, చక్కులు రెండవుతాయి. పెద్దదవడమేగా, మంచిదే."

"మా ఆవిడ పెంచింది రెక్కల్లేనిదాన్ని" అన్నాడు తొకుజో.

ఇక మిగిలింది బ్యాటరీ మార్చడం. పాతది ఊడదీసి కొత్తది అతికే లోపు, పక్కనుంచి రెండు పెన్సిల్ సెల్లతో కరెంటు అందిస్తూ ఉండాలి. రెప్పపాటు ఆగినా లోపల ఉన్నదంతా పోతుంది. నేను అతుకుతానన్నాను. ఒకప్పుడు దోమ కాలు విరిగితే అతికిన చెయ్యి నాదని కూడా చెప్పాను.

"పదివేళ్ళవాడు బతికుండగా ఎనిమిదిన్నర వేళ్ళవాడెందుకురా" అన్నాడాయన. "నువ్వు పక్కన కూచో. నోరు మాత్రం కదపకు."

ఆదివారం పొద్దున పది గంటలకు కూచున్నాం. ఆయన క్యాసెట్టు వీపు విప్పాడు. సెల్ల నుంచి వచ్చిన ఎర్ర తీగెనూ నల్ల తీగెనూ పట్టుక్లిప్పులతో తగిలించాడు. సీసం కరిగించి అతికే కడ్డీ వేడెక్కింది. ఆయన చేతుల్ని లేతు మీద కూడా అంత నిలకడగా నేను చూడలేదు. హరుయే బార్లీ టీ పళ్ళెంతో గుమ్మంలోనే ఆగిపోయింది.

ఆయన ముందుకు వంగాడు. చెయ్యి లోపల పెట్టబోయి, నిటారుగా అయ్యాడు. ఎడంచెయ్యి వెళ్ళి ఎర్ర క్లిప్పు లాగేసింది. కుడిచేతి వేలు దానివైపు చాచుకుంది.

"కరెంటు తీశాను."

"సరి" అన్నాను నేను.

ఆయన పాత బిళ్ళ ఊడదీశాడు. కొత్తది పెట్టి అతికాడు. అంత నున్నటి అతుకు నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు, ఈ ఒక్క మాటా ఎక్కువ చేసి చెప్పడం లేదు. ఇద్దరం దాన్ని చూసి మురిసిపోతూ ఉన్నాం.

"ఆ ఎర్ర తీగె అలా వేలాడుతోందేం?" అంది హరుయే.

ఆయన మిషన్లో క్యాసెట్టు పెట్టి మీట నొక్కాడు. పాట వచ్చింది. పాట అయ్యాక తెర మీద రోజూ రెండు వరసలు ఉండేవి, పాత ఆట, కొత్త ఆట. ఇప్పుడు కొత్త ఆట ఒక్కటే ఉంది.

"దానికి పేరు పెట్టిన రోజు ఆసుపత్రిలో గుమ్మడికాయ కూర పెట్టారు" అన్నాడు తొకుజో. "ఉప్పు లేదంది."

నాకు ఏ అబద్ధమూ తోచలేదు. అది నాకు కొత్త.

మర్నాటి నుంచి లేతు మామూలుగానే నడిచింది. గోడ అవతలి నుంచి కేక మాత్రం రాలేదు. కొలతలు మార్చే అవసరం రాలేదేమో, శుభ్రం చేయడం లేదేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పదకొండో రోజు ఉండబట్టలేక వెళ్ళి తొంగిచూశాను. చక్కు ఆగి ఉంది. ప్లగ్గు గోడకే ఉంది. ఆయన వట్టి చేత్తో పళ్ళ మధ్య ఇరుక్కున్న ఇనప పొట్టు లాగుతున్నాడు. మోచెయ్యి స్విచ్చికి జానెడు దూరం కూడా లేదు.

నేను వెళ్ళి ప్లగ్గు పీకేశాను. నా సగం వేలు దానివైపు చాపి, "కరెంటు తీశాను" అన్నాను.

ఆయన చెయ్యి అలాగే గాలిలో ఆగింది. "ఆ వేలు సగమేగా. అది దేన్ని చూపిస్తోందో ఎవడికి తెలుసు?"

"సరి అను, బాబాయ్."

"ఆ రోజు నువ్వు సరి అన్నావుగా. ఏం ఒరిగింది?"

అవతల మా యజమాని నా పేరు పెట్టి అరుస్తున్నాడు. నేను ప్లగ్గు వదల్లేదు. తొకుజో చేతులు గుడ్డకు తుడుచుకుని, వెళ్ళి బల్ల దగ్గర కూచున్నాడు. ఆ మాట అనలేదు. చెయ్యి కూడా లోపల పెట్టలేదు.

అప్పటి నుంచి చక్కు ఆగిన చప్పుడు వినపడగానే నా ప్రెస్సు ఆపి పరిగెడుతున్నాను. ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. నేను ప్లగ్గు పీకుతాను, కేక వేస్తాను, ఎదురుచూస్తాను. ఆయన పళ్ళు బిగించుకుని నిలబడతాడు. వేళ్ళు ఇంకా పది ఉన్నాయి, రోజూ లెక్కపెడుతున్నాను.