తొమ్మిది పేర్ల విల్లు

2021లో నేను నాచారం పారిశ్రామికవాడలోని ఒక చిన్న గేమింగ్ కంపెనీలో బ్యాలెన్సింగ్ డిజైనర్‌గా పనిచేసేదాన్ని. కింది అంతస్తులో ప్లాస్టిక్ మూతలు పోసే కార్ఖానా, పైన మేము. ఆన్‌లైన్ ఆటలో ఏ ఆయుధానికి ఎంత బలం ఉండాలి, దాన్ని ఎవరు వాడొచ్చు అన్నది తేల్చడం నా పని. మా అత్తగారు మాత్రం "మా కోడలికి ఆటలాడితే జీతమిస్తరు" అని చుట్టాలకు చెప్పేవారు.

మా ఆటలో ఆయుధాన్ని ఎన్‌చాంట్ చేయొచ్చు, అంటే మంత్రపు రాళ్లు పొదిగి బలం పెంచొచ్చు. రాయి ఎవరిస్తే వాళ్ల పేరు ఆయుధం మీద కనబడుతుంది. దీంతోనే ఆ ఏడాది తలనొప్పి మొదలైంది. పాత ఆటగాళ్లు బాగా రాళ్లు పొదిగిన కత్తుల్ని కొత్తవాళ్ల చేతికిచ్చేవారు. నిన్న చేరినవాడు ఇవాళ పోటీల్లో అందర్నీ చితక్కొడుతున్నాడని ఒకటే ఫిర్యాదులు.

రెండు దారులున్నాయి. తక్కువ లెవల్ వాళ్ల చేతిలో ఆయుధం బలం దానంతటదే తగ్గేలా చేయొచ్చు. దానికి మూడు వారాల పని. లేదా లెవల్ లిమిట్ పెట్టొచ్చు, అది ఒక్క పూట పని. నేను రెండోదే చేశాను. ఐదు రాళ్లు దాటిన ఆయుధం నలభయ్యో లెవల్ చేరినవాళ్లకే అన్నాను. మిగతావాళ్లు నష్టపోకూడదని, ఆయుధాన్ని విడగొట్టి రాళ్లు వెనక్కి తీసుకునే బటన్ కూడా పెట్టాను. ఎంత ముందుచూపో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

మూడో రోజు మల్లేశ్ అనే ఆటగాడి నుంచి ఫిర్యాదు వచ్చింది. తమ జట్టులో ఆడే నర్సింలు అనే ఆయన విల్లు పనిచేయడం లేదట. వివరాలు తీసి చూశాను. విల్లుకు తొమ్మిది రాళ్లు, నర్సింలుది ఇరవై రెండో లెవల్, ఆడుతున్నది రెండేళ్లుగా. రెండేళ్లకు ఇరవై రెండా అని నవ్వుకున్నాను. "లెవల్ పెంచుకుని వాడుకోగలరు" అని అందరికీ పంపే జవాబే పంపాను.

వారం తర్వాత మల్లేశ్ డ్యూటీ దిగి, నూనె మరకల యూనిఫాంతోనే మా ఆఫీసుకొచ్చాడు. చర్లపల్లిలో రేకులు నొక్కే ప్రెస్ మిషన్ మీద పనట.

"లెవల్ పెంచుకొమ్మన్నరు మేడమ్. ఆయనకు కుడిచేతి రెండు వేళ్లు లెవ్వు. మా మిషన్ల వడి పొయినయి. ఒక్కడే ఆడితే జర సేపట్ల సచ్చిపోతడు, లెవల్ యాడ పెరుగుతది? గందుకే అన్నతోని పనిచేసిన మా ప్రెస్ షాపోళ్లం తొమ్మిదిమందిమి తలా ఒక రాయి పెట్టినం. మేం ముంగట కొట్లాడుతం, అన్న యెనక నిలవడి బాణాలేస్తడు."

"ఆయన్ని బయట కలవరా?" అన్నాను.

"అన్న పని ఇడిశినంక ఉప్పల్ల ఇంటికాడనే ఉంటుండు. మేం కలిసేదే ఆ ఆటల. ఇప్పుడు ఫోన్ గూడ ఎత్తుతలేడు."

మర్నాడే లిమిట్ బదులు, లెవల్‌ను బట్టి ఆయుధం బలం తగ్గే మొదటి దారి పట్టాను. మూడు వారాలకు కొత్త పద్ధతి వచ్చింది. నర్సింలు ఖాతా తెరిచి చూస్తే విల్లు లేదు. నేను పెట్టిన బటన్‌తోనే దాన్ని విడగొట్టి, తొమ్మిది రాళ్లూ పేరు పేరునా తొమ్మిదిమందికీ తిరిగి పంపేశాడు.

మా సర్వర్‌లో దాచి ఉంచే పాత కాపీలోంచి విల్లును యథాతథంగా తెప్పించే వీలుంది. ఆ మాట చెప్పడానికి మల్లేశ్‌తో కలిసి ఉప్పల్ వెళ్లాను. నర్సింలు ఎడమచేత్తో చాయ్ పోసి ఇచ్చి, అంతా విన్నాడు.

"సంతోషం మేడమ్. కానీ వద్దు. అప్పుడు నేనడగలే, ఆళ్లే ఇచ్చిన్రు. ఎవ్వలిది ఆళ్లకు ఇచ్చేసిన. ఇప్పుడు మళ్ల తీసుకుంటే అడుక్కున్నట్టయితది."

"ఏందన్నా, గట్లంటవు?" అన్నాడు మల్లేశ్.

"చాయ్ సల్లారుతది, తాగు."

ఎంత చెప్పినా వినలేదు. తిరిగొచ్చేటప్పుడు మల్లేశ్ నా ఆటో డబ్బులు కూడా తనే ఇచ్చాడు. నన్ను తిట్టినా బాగుండేది.

ఇప్పుడు వేరే కంపెనీలో ఇదే పని చేస్తున్నాను. లిమిట్ పెట్టే ముందు, దాని దెబ్బ తగిలేవాళ్లలో కొందరికి ఫోన్ చేసి, లెవల్ ఎందుకు పెరగలేదో కనుక్కుంటాను. సమయం దండగ అని కొత్తగా చేరినవాళ్లు విసుక్కుంటారు. వాళ్లకు నర్సింలు సంగతి చెబుతాను. నేను మెచ్చుకున్న ఆ బటన్‌ను ఆయన నొక్కింది ఒక్కసారే, విల్లు మీది తొమ్మిది పేర్లూ చెరిగిపోవడానికి అదే చాలిందని కూడా చెబుతాను.